బెల్ ప్రయోగాలతో బోమ్ వాదం ముగిసినట్టేనా?

మాది విశాఖపట్నం. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి ముప్పై ఏళ్లయింది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో నడిచేటప్పుడు మా బావగారితో రోజూ ఒకటే వాదన. ఆయన రిటైరైన ఇంజనీరు. కొలవలేనిదాని గురించి మాట్లాడటం దండగ అంటారు. బెల్ అసమానతను పరీక్షించిన ప్రయోగాలకు 2022లో ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ రావడంతో గుప్త చరరాశుల (క్వాంటం కొలతల ఫలితాలను నిర్ణయించే, మనకు కనబడని రాశుల) కథ ముగిసిందని ఆయన తీర్పు.

నాకు అర్థమైనంతలో, 1964లో భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ చూపిన అసమానతను (దూరదూరాన చేసిన కొలతల మధ్య పొంతనకు ఒక గణిత హద్దు) ప్రకృతి ఉల్లంఘిస్తే పోయేది స్థానిక గుప్త చరరాశులే, అంటే దూరాన జరిగేదాని ప్రభావం తక్షణం పడనివే. మరో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ 1952లో చెప్పిన గుప్త చరరాశుల వాదం ప్రకారం కణానికి ఎప్పుడూ ఒక స్థానం ఉంటుంది, తరంగం దాన్ని నడిపిస్తుంది. అయితే ఒక కణం కదలిక ఎంతో దూరాన ఉన్న మరో కణం మీద తక్షణం ఆధారపడవచ్చు. కాబట్టి బెల్ దెబ్బ బోమ్‌కు తగలదు. ఇంతవరకు గెలుపు నాదే (బావగారు ఒప్పుకోరనుకోండి).

చిక్కల్లా ఆ ‘తక్షణం’తోనే. దీంతో సంకేతాలు పంపలేమన్నది సరే, కానీ అందరికీ ఒకే ‘ఇప్పుడు’ లేదనే సాపేక్షత సిద్ధాంతం ఉండగా ఆ క్షణం ఎవరి గడియారం ప్రకారం? బోమ్ పక్షం వారు దీనికి ఏమంటారు? బోమ్ వ్యాఖ్యానమూ, మామూలు క్వాంటం వ్యాఖ్యానమూ ఒకే ఫలితాలు చెబుతున్నప్పుడు, ఎంచుకోవడానికి అభిరుచి తప్ప వేరే ఆధారం ఉందా?

తెలిసినవారు గణితం కాస్త తగ్గించి వివరించగలరు. ఆదివారంలోగా అయితే మరీ మంచిది, ఆయన భోజనానికి వస్తున్నారు.