చార్లెస్ రోల్స్ విమానం తోక విరిగిన తీరు పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. విమానాల తొలి రోజుల గురించి తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక చిన్న ప్రదర్శన చేయిస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, దయచేసి సాయం చేయండి.

రోల్స్ రాయిస్ పేరులోని చార్లెస్ రోల్స్ 1910 జూన్ 2న ఇంగ్లిష్ ఛానల్‌ను ఎక్కడా దిగకుండా దాటి, మళ్లీ వెనక్కి వచ్చాడు. సరిగ్గా నలభై రోజులకు, జూలై 12న, ఇంగ్లాండులోని బోర్న్‌మత్ విమాన ప్రదర్శనలో చనిపోయాడు. అప్పటికి వయసు 32 ఏళ్లే. గుర్తు పెట్టిన చోటికి వీలైనంత దగ్గరగా దిగాలన్నది ఆ రోజు పోటీ. దిగుతుండగా, రైట్ సోదరుల నమూనాలో చేసిన అతని విమానం తోక విరిగిపోయింది. ఇంజన్ విమానం కూలి చనిపోయిన మొదటి బ్రిటన్ వాడు అతనే. ఇది చెప్పగానే క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

ఆనాటి రైట్ సోదరుల విమానాల్లో ముక్కును పైకీ కిందికీ తిప్పే రెక్క ముందువైపే ఉండేది. రోల్స్ విమానానికి వెనక కూడా ఒక తోక రెక్క కొత్తగా బిగించారు. మా థర్మోకోల్ నమూనాలో ఆ తోక పీకేసి విసిరితే ప్రతిసారీ ముక్కు నేలకు కొట్టుకుంటోంది. "ముందు రెక్క ఉంది కదా సార్, అది ఎందుకు ఆపలేదు?" అని ఒక పాప అడిగింది. బరువు కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రం బొమ్మ గీసి చూపించాను కానీ, ఆ పాప ముఖంలో సందేహం పోలేదు.

ఏరోనాటిక్స్ చదివినవాళ్లు, గ్లైడర్లు చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, క్లాసులో చేతితో చేసి చూపించగల ప్రయోగం ఒకటి చెప్పండి. శుక్రవారం లోపు చెబితే చాలా మేలు చేసినవారవుతారు.