త్రీడీ సినిమా ఇంట్లోనా, హాల్లోనా? విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు చెప్పండి

బొబ్బిలి_బొమ్మ: గది 12×14 అడుగులు. చిన్న గోడ మీద ఎనిమిదడుగుల ఖాళీ ఉంది. త్రీడీ కోసం ప్రొజెక్టర్ కొనాలా, పాత త్రీడీ టీవీ వెతకాలా, లేక విశాఖ పోయి హాల్లో చూడ్డమే నయమా? లెక్కలతో చెప్పండి.

ఏడురోడ్ల_సెంటర్: ముందు వెలుగు సంగతి చూద్దామండి. హాల్లో మామూలు సినిమాకి ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు (తెర మీది వెలుగుకి కొలత). త్రీడీకొచ్చేసరికి 4.5 దగ్గరే సరిపెడతారు. పోలరైజర్ (రెండు కళ్ళ బొమ్మల్నీ విడదీసే వడపోత), కళ్ళద్దాలు కలిసి మిగతాది మింగేస్తాయి. మీ గోడకి 100 అంగుళాల తెర (వెడల్పు 7 అడుగుల 3 అంగుళాలు) పడుతుంది, వైశాల్యం సుమారు 30 చదరపు అడుగులు. సినిమా మోడ్‌లో నిజంగా 1500 లూమెన్లు (యంత్రం ఇచ్చే మొత్తం వెలుగు) ఇచ్చే ప్రొజెక్టరైతే, దాన్ని వైశాల్యంతో భాగిస్తే 50 ఫుట్-లాంబర్ట్‌లు వస్తుంది. షట్టర్ అద్దాల్లోంచి (రెండు కళ్ళనీ మార్చి మార్చి మూసే త్రీడీ కళ్ళద్దాలు) కంటికి చేరేది ఐదో వంతు అనుకున్నా 10. అంటే హాలు కన్నా రెట్టింపు వెలుగు. అదే యంత్రంతో 150 అంగుళాలకి పోతే మళ్ళీ 4.5కే దిగిపోతారు. పెద్ద తెర మీద ఆశ వదిలేయండి. త్రో రేషియో (తెరకి దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉన్నది తీసుకుంటే తెరకి 11 అడుగుల దూరంలో పెట్టాలి. మీ గదిలో సరిపోతుంది.

పలాస_జీడితోట: పదివేల లోపు ఎల్‌సీడీ ప్రొజెక్టర్ల పెట్టె మీద "త్రీడీ సపోర్ట్" అని ఉంటే నమ్మకండి. చాలావాటిలో దానర్థం ఎరుపు-నీలం అద్దాలే. డీఎల్‌పీ-లింక్ (తెర మీది మెరుపుతో షట్టర్ అద్దాల్ని నడిపే పద్ధతి) ఉందో లేదో, 144 హెర్ట్జ్ ఇస్తుందో లేదో చూడండి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో కంటికి మూడేసి సార్లు: 144. ఎప్సన్ త్రీడీ మోడళ్ళకి రేడియో సంకేతంతో నడిచే అద్దాలు కావాలి, డీఎల్‌పీ-లింక్‌వి వాటికి పనిచెయ్యవు. డీఎల్‌పీ-లింక్ అద్దాలు తెర మీది మెరుపు చూసే తాళం పట్టుకుంటాయి, తల దించితే తప్పిపోతాయి. పాత చోక్ ట్యూబ్‌లైటు వెలుగుతుంటే అద్దాల్లోంచి గదంతా మినుకుతుంది. లైటు ఆర్పేయాలి.

గజపతినగరం_03: ఇద్దరూ వెలుగు దగ్గరే ఆగిపోయారు. అసలు తేడా లోతులో ఉంది మేస్టారూ. మన కళ్ళ మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. 40 అడుగుల వెడల్పు తెర మీద వెనకాల కొండని రెండు కళ్ళకీ 6 సెంటీమీటర్ల ఎడంగా వేస్తే అది వందల అడుగుల అవతల ఉన్నట్టు కనిపిస్తుంది. అదే బొమ్మ 100 అంగుళాల తెరకి కుదిస్తే ఆ ఎడం 1.1 సెంటీమీటర్లకి పడిపోతుంది. ఎనిమిదడుగుల్లో కూర్చుంటే ఆ కొండ తెర వెనక అడుగున్నరలోనే ఉంటుంది. 43 అంగుళాల టీవీలో ఎడం 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు. మెనూలో "డెప్త్" పెంచితే దృశ్యమంతా వెనక్కి జరుగుతుంది తప్ప దాని మందం పెద్దగా పెరగదు. అతిగా పెంచితే పిల్లల కళ్ళు లాగుతాయి, వాళ్ళ కళ్ళ ఎడం ఇంకా తక్కువ. లోతు కోసమైతే హాలే.

రాజాం_రీలు: హాలుకెళ్ళినా సీటు చూసుకోవాలి. పోలరైజ్డ్ త్రీడీకి వెండితెర (నిజంగానే వెండిరంగు పూత ఉన్న తెర) తప్పనిసరి. ఆ తెర నడుమ మెరుస్తుంది, పక్కలు మసకబారతాయి. మధ్య మూడో వంతు సీట్లే తీసుకోండి. బొమ్మ తేడాగా ఉండి దగ్గరున్నవి దూరంగా అనిపిస్తే అద్దాలు తలకిందులుగా పెట్టుకు చూడండి. అప్పుడు సరిగ్గా కనిపిస్తే కుడి-ఎడమ తారుమారు అయ్యాయన్నమాట, వెంటనే ఆపరేటరుకి చెప్పించండి. ఇంట్లో ఇదే జరిగితే "త్రీడీ ఇన్వర్ట్" నొక్కితే చాలు.

ఆమదాలవలస_జంక్షన్: పాత టీవీ గురించి. సామ్‌సంగ్ 2016లో, ఎల్‌జీ, సోనీ 2017లో త్రీడీ మానేశాయి. దొరికేదంతా సెకండ్‌హ్యాండే. ఎల్‌జీ పాసివ్ టీవీ (బ్యాటరీ లేని పోలరైజ్డ్ అద్దాలతో చూసేది) అయితే అద్దాలు తేలిక, మినుకు ఉండదు. 1080 గీతల టీవీలో ఒక్కో కంటికి సగం గీతలే వస్తాయి, 4కేలో పూర్తిగా వస్తాయి. మన ఇళ్ళలో షోకేసు పైన టీవీ బిగిస్తారు చూడండి, అదే దీనికి శత్రువు. కింద నుంచి చూస్తే జంట నీడలు పడతాయి. కంటి ఎత్తుకి దించండి, కుదరకపోతే ముందుకి వంచండి. చాప మీద పక్కకి తిరిగి పడుకుని చూద్దామంటే ఏ త్రీడీ అయినా లాభం లేదు.

బొబ్బిలి_బొమ్మ: కళ్ళకి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్ ఎలగుంటుందండీ? హాలంత లోతొస్తుందా?

గజపతినగరం_03: వస్తుంది. ఊహా తెరని 40 అడుగుల దూరంలో, 40 అడుగుల వెడల్పుతో పెడితే పైన చెప్పిన లెక్కంతా హాలులాగే నిలబడుతుంది. ఒక్కో కంటికి బొమ్మ విడిగా వస్తుంది కాబట్టి జంట నీడ ఉండదు. మెటా వాళ్ళ క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో అయితే ముందు చక్రం తిప్పి కళ్ళ దూరం సరిచెయ్యాలి, లేకపోతే అరగంటకే తలనొప్పి. బరువు 515 గ్రాములు. బ్యాటరీ రెండు గంటల చిల్లర, మన సినిమాకి సరిపోదు, చార్జర్ తీగ పెట్టుకునే చూడాలి. ఒక్కరికే పనికొస్తుంది, అదే పెద్ద లోటు.

పలాస_జీడితోట: డిస్కు కొనేవాళ్ళకి ఒక మాట. 4కే బ్లూ-రేలో త్రీడీ లేదు, "బ్లూ-రే త్రీడీ" అని విడిగా ఉండాలి. రీజియన్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో చెప్పే గుర్తు) కూడా చూడండి: మనది సీ, అమెరికాది ఏ. మధ్యలో పాత ఆంప్ (స్పీకర్లని నడిపే పెట్టె) ఉండి త్రీడీని దాటనివ్వకపోతే ప్లేయర్ హెచ్‌డీఎంఐ నేరుగా ప్రొజెక్టరుకిచ్చి, శబ్దం ఆప్టికల్ తీగలో ఆంప్‌కి పంపండి. 5.1 (ఆరు స్పీకర్ల) శబ్దం వస్తుంది. ఫైలు వేసినప్పుడు పక్కపక్కన రెండు బొమ్మలు కనిపిస్తే అది చెడినట్టు కాదు, ప్రొజెక్టరు మెనూలో "సైడ్ బై సైడ్" ఎంచుకోవాలి. లాంపు ప్రొజెక్టరైతే 1000 వీఏ యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయిన క్షణం ఫ్యాను ఆగితే లాంపు వేడికి దెబ్బతింటుంది.