అమరావతి మండలం ఏ జిల్లాలో ఉండాలి?

ప్రశ్న: రాజధాని అమరావతి దగ్గర కృష్ణా నదికి కుడి గట్టున గుంటూరు జిల్లా, ఎడమ గట్టున ఎన్టీఆర్ జిల్లా ఎందుకు? రెండు గట్లనూ ఒకే జిల్లా చేస్తే వరదలప్పుడైనా పాలన ఒక్క చేతి మీదుగా నడుస్తుంది కదా?

జవాబు: రెండు గట్లూ ఒకే జిల్లాలో ఉండడం మనకు కొత్త కాదండీ. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లా నదికి ఇరువైపులా ఉండేది. సముద్రపుటొడ్డున ఉన్న బందరు నుంచి పల్నాడు రాతినేల దాకా ఒక్క కలెక్టరు చూడడం ఎంత భారమో పటం చూస్తేనే తెలుస్తుంది. 1904లో గుంటూరు వేరు జిల్లా అయ్యాక నదే హద్దయింది.

వరదల సంగతికి వస్తే, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు తగిలి గేట్లకు బరువుగా వేలాడే కాంక్రీటు దిమ్మెలు విరిగాయి. వాటిని మార్చినది జలవనరుల శాఖే కాని కలెక్టరేటు కాదు. అదే వారంలో విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచినది బుడమేరు. అది ఎడమ గట్టు వైపు వాగు కనుక, గుంటూరును కలిపినా అక్కడ ఒక్క అడుగు నీరు తగ్గేది కాదు.

నా అభ్యంతరం వేరు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలతగా తీసుకోవడంతో, పెదకూరపాడు శాసనసభ స్థానంలో ఉన్న అమరావతి మండలం నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాకు వెళ్లింది. రాజధానికి పేరిచ్చిన ఊరు, అమరేశ్వరాలయమూ బౌద్ధుల మహాచైత్యమూ ఉన్న ఊరు, ఒక జిల్లాలోనూ, ఆ పేరు పెట్టుకున్న రాజధాని గ్రామాలు మరో జిల్లాలోనూ మిగిలాయి. పేరు మాట పక్కన పెట్టినా, అమరావతి వారికి దగ్గరి పెద్ద ఊరు గుంటూరు. ఆసుపత్రికైనా, చదువుకైనా అటే వెళ్లేవారు కలెక్టరుకు అర్జీ ఇవ్వడానికి మాత్రం దూరమైన నరసరావుపేటకు పోవాలి. పైగా నియోజకవర్గాల గీతలు పునర్విభజన జరిగినప్పుడల్లా మారేవి. వాటిని చూసి గీసిన జిల్లా హద్దు అప్పుడు దేనికీ ఆనకుండా పోతుంది.

మండలాన్ని గుంటూరుకు ఇస్తే పెదకూరపాడు నియోజకవర్గం రెండు జిల్లాల్లో పడుతుందని, శాసనసభ్యుడు ఇద్దరు కలెక్టర్లతో వ్యవహరించవలసి వస్తుందని ఒక మిత్రులు రాశారు. అది నిజమే. అయితే ఆ రెండో ప్రయాణం ఇప్పుడు మండలంలోని ప్రతి రైతూ చేస్తున్నాడు. ప్రభుత్వ వాహనమున్న ఒక్కరు చేయడమే నాకు న్యాయంగా తోస్తోంది.