సూపర్‌హీరో దుస్తులకు సినిమా కారణం చెప్పి తీరాలా?

మాధవ్_కె

చెప్పి తీరాలన్నది నా వాదన. 2005 నాటి ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ చూడండి. ఆ సూట్ హీరో సొంత కంపెనీ నేలమాళిగలో మూలపడి ఉంటుంది. సైనికుల కోసం తయారైనదే, కానీ ఒక్కోటి మూడు లక్షల డాలర్లు కావడంతో సైన్యం కొనలేదు. తలతొడుగు భాగాలను ఎవరికీ అనుమానం రాకుండా పదివేల లెక్కన ఆర్డర్ చేస్తారు. మొదటి విడతలో వచ్చినది బేస్‌బాల్ బ్యాట్ దెబ్బకే పగిలిపోతుంది, గ్రాఫైట్‌లో లోపమట. ఐదారు నిమిషాలకు మించని ఈ సన్నివేశాల తర్వాత గబ్బిలం వేషం కట్టిన మనిషిని చూసి ఎవరూ నవ్వరు. ఈ పని చేయని సినిమా ప్రేక్షకుడి ఓపిక మీద ఆధారపడి నడుస్తోందనే అంటాను.

సూదిదారం

మాధవ్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణనే తీసుకుందాం. ఆ సూట్‌కు సినిమా చెప్పిన పేరు నోమెక్స్. అది మంటను ఆపే బట్ట. అగ్నిమాపక సిబ్బంది, కార్ రేసర్లు వేసుకునేది అదే. తూటాను ఆపదు. అందుకే సినిమా పక్కనే కెవ్లార్ పేరు కూడా చేర్చింది. సరే, కెవ్లార్ మాటేమిటి? మామూలు నేతలో అది పిస్టల్ తూటాను ఆపుతుంది, కత్తి మొనకు మాత్రం పోగుల మధ్య సందు దొరుకుతుంది. కత్తిపోటును ఆపాలంటే చాలా బిగుతైన నేతో, లోపల వేరే పొరో కావాలి. తూటాను ఆపినా దెబ్బ ఆగిపోదు. అమెరికా పోలీసు కవచాల ప్రమాణంలో కవచం వెనక ఉంచిన మట్టిదిమ్మెలో పడే గుంట 44 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే పరీక్ష నెగ్గిన కవచం వెనక కూడా నాలుగు సెంటీమీటర్ల గుంట పడవచ్చు. పక్కటెముకలు విరగడానికి అది చాలు.

ఇక కేప్, అంటే వీపు మీంచి వేలాడే పొడవాటి వస్త్రం. లెస్టర్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విద్యార్థులు ఆ సినిమాలోని కేప్‌ను 4.7 మీటర్ల వెడల్పుగా తీసుకుని లెక్క కట్టారు. 150 మీటర్ల ఎత్తు నుంచి దూకితే దాదాపు 350 మీటర్ల దూరం తేలుతూ పోవచ్చు. వేగం మాత్రం గంటకు 110 కిలోమీటర్ల దాకా పెరిగి, నేలను తాకేసరికి 80 దగ్గర స్థిరపడుతుంది. 80లో నేలకు గుద్దుకున్న మనిషి బతకడు. ఒకటి వివరించగానే ప్రేక్షకుడు రెండోది అడుగుతాడు, సినిమా దగ్గర దానికి జవాబు ఉండదు. చెప్పకపోతే అసలు అడిగేవాడే కాదు.

మాధవ్_కె

మీ లెక్కలతో తగువు లేదు. కానీ నేను అడిగేది ప్రయోగశాలలో నెగ్గే కారణం కాదు, కథలో పని చేసే కారణం. 2008 నాటి ‘ది డార్క్ నైట్’లో కుక్క కరిచాక బ్యాట్‌మన్ తేలికైన సూట్ కావాలంటాడు, తల తిప్పగలగాలనీ అడుగుతాడు. పలకలను విడగొడితే కదలిక వస్తుంది కానీ కత్తికీ తూటాకూ సందు దొరుకుతుందని ముందే హెచ్చరిస్తారు. ఆ తర్వాత కత్తి నిజంగానే దిగుతుంది. సూట్ బలహీనత కథకు ఉపయోగపడింది. వివరణ లేకపోతే ఆ దెబ్బకు విలువే లేదు.

పద్మజ_టి

ఆ మెడ సంగతి రచయిత బల్ల మీద పుట్టలేదండీ, వర్క్‌షాప్ నుంచి వచ్చింది. 1989 సినిమాలో మైకేల్ కీటన్ వేసుకున్న సూట్‌లో తలతొడుగు, మెడ, భుజాలు ఒకటే ముక్క. తల తిప్పితే రబ్బరు చిరుగుతుంది. అందుకే ఆయన నడుము నుంచి ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. అదే పాత్ర నడకగా నిలిచిపోయింది. 2008లో తలతొడుగును మోటార్‌సైకిల్ హెల్మెట్‌లా మెడ నుంచి వేరు చేశారు. పందొమ్మిదేళ్ళు నటుల్ని ఇబ్బంది పెట్టిన లోపాన్ని సరిచేసి, దాన్నే సంభాషణగా మార్చారు.

తయారీ తెలిస్తే వాదన కొంచెం మారుతుంది. పాత పద్ధతిలో నటుడి ఒంటి అచ్చు తీసి, ఆ ప్రతిమ మీద మట్టితో కండలు చెక్కి, దానికి మూస తీసి, ఫోమ్ లేటెక్స్ (నురగలాంటి రబ్బరు) పోసి తక్కువ వేడిలో గంటల తరబడి కాలుస్తారు. వచ్చేది స్పాంజి. అది చెమట పీల్చి మధ్యాహ్నానికి బరువెక్కుతుంది. మోచేయి, చంక, తొడ మూలం దగ్గర పగుళ్ళు మొదలవుతాయి. అందుకే ఒకే సూట్‌కు ఎన్నో నకళ్ళు పోస్తారు. యూరెథేన్ అనే ప్లాస్టిక్ రకం చెమట పీల్చదు కానీ గాలి ఆడనివ్వదు. అందుకే 2008లో జాలీ బట్ట మీద వందకు పైగా విడి ముక్కలు అతికారు.

ఒంటికి అతుక్కునే సాగే బట్ట, స్పాండెక్స్, సులువని అనుకోకండి. శరీర కొలత కన్నా ఐదు నుంచి పది శాతం తక్కువకు కత్తిరించాలి, లేకపోతే ముడతలు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన కొలత భుజం మీంచి కాళ్ళ మధ్యగా వెనక్కి తిరిగి అదే భుజానికి వచ్చే చుట్టు. దాన్ని నిలబెట్టి ఒకసారి, గొంతుక్కూర్చోబెట్టి ఒకసారి తీసుకోవాలి. సూటి కుట్టు వేస్తే మొదటి గెంతుకే దారం తెగుతుంది, జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ వేయాలి. తెల్లబట్ట మీద రంగు అచ్చు వేస్తే ఛాతీ దగ్గర సాగినచోట తెలుపు బయటపడుతుంది. స్టంట్ సూట్‌ను లోపల పట్టీలు, మెత్తలు పట్టేలా వదులుగా కుట్టి, తీగలు బయటికి రావడానికి తుంటి దగ్గర చీలికలు పెడతారు.

దుస్తుల రూపాన్ని ఎక్కువసార్లు తేల్చేవి ఇవి, కథలో చెప్పే కారణాలు కాదు. 1978 ‘సూపర్‌మన్’లో, ట్రిక్ షాట్ల కోసం వెనక పెట్టి తర్వాత తీసేసే నీలితెర ముందు నీలి సూట్ వేస్తే తెరతో పాటు సూట్ కూడా మాయమైపోతుంది. అందుకే ఆ షాట్లకు ఆకుపచ్చ కలిసిన నీలంలో వేరే సూట్ కుట్టారు. దానికి కథలో కారణం చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

శ్రీకర్_వై

మన ప్రేక్షకుల వైపు నుంచి ఒక మాట. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. కృష్ణుడి కిరీటం మీది పింఛం ఎందుకు రాలదు, భుజకీర్తులతో చేతులెలా ఎత్తుతాడు అని ఎవరూ అడగలేదు. వేషం చూడగానే ఎవరో తెలియాలి, దాని పని అది. 1997లో దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ వచ్చినప్పుడు గిర్రున తిరిగితే దుస్తులు మారడం పిల్లలకు చాలింది.

సూపర్‌మన్ ఎర్ర చెడ్డీ సంగతీ అంతే. 1938లో బొమ్మ గీసినప్పుడు అది సర్కస్ బలశాలుల వేషం. అప్పటికి స్పాండెక్స్ లేదు, అది 1958లో వచ్చింది. 2013 ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో చెడ్డీ తీసేసి, ఆ సూట్ అతను పుట్టిన గ్రహం క్రిప్టాన్ వాళ్ళు కవచం లోపల వేసుకునే బట్ట అన్నారు. కారణం కుదిరింది, రంగు వెలిసిపోయింది. 2025లో చెడ్డీ తిరిగొచ్చింది. ఇంత శక్తి ఉన్నవాణ్ణి చూసి పిల్లలు భయపడకూడదన్నది అప్పుడు చెప్పిన కారణం. నాకు ఇదే గట్టి కారణం అనిపిస్తుంది. బట్ట గురించి కాకుండా మనిషి గురించి చెబుతోంది కదా.

మాధవ్_కె

అది దర్శకుడు బయట చెప్పిన కారణం శ్రీకర్ గారూ, ఇక్కడి ప్రశ్న సినిమా లోపలి కారణం గురించి. పైగా కృష్ణుడు దేవుడు, కథ పురాణం. ప్రేక్షకుడు ఆ ఒప్పందంతోనే కూర్చుంటాడు. ఇప్పటి నగరంలో, పోలీసులూ పత్రికలూ ఉన్న లోకంలో ఒకడు మాస్క్ కట్టుకుంటే ఆ ఒప్పందం చెల్లదు.

లావణ్య_ఎస్

అయితే లోపలి కారణం బాగా కుదిరినవి రెండు చెబుతాను, రెండింటిలోనూ ప్రయోగశాల లేదు. మలయాళ ‘మిన్నల్ మురళి’లో (2021) హీరో కేరళ పల్లెటూరి దర్జీ. సూట్ ఎవరు కుట్టారన్న ప్రశ్నే పుట్టదు. 1992 ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’లో సెలీనా (క్యాట్‌వుమన్) తన నల్లకోటును చింపి తానే కుట్టుకుంటుంది. తెల్లటి కుట్లు పైకే కనిపిస్తాయి, ఆమె మనసు చెదిరేకొద్దీ అవీ ఊడిపోతూ ఉంటాయి. నిజానికి అది లేటెక్స్. పౌడర్ వేసి ఎక్కించి, మెరుపు కోసం పైన సిలికాన్ పూసేవారు. సులువుగా చిరుగుతుంది కాబట్టి డజన్ల కొద్దీ తయారుచేశారు. ఒక్క మాట సంభాషణ లేకుండా ఆ దుస్తులు ఎవరివో, ఎందుకో తెలిసిపోతుంది. ‘క్రిష్’ (2006)లో సర్కస్ మంటల్లో దొరికిన విరిగిన మాస్క్ కూడా ఈ కోవలోదే. నాయనమ్మకు ఇచ్చిన మాట తప్పకూడదు, ముఖం దాచాలి, చేతికి అందింది అదే.

సూదిదారం

లావణ్య గారి ఉదాహరణలు ఒప్పుకుంటాను. వాటిలో వివరణ సన్నివేశం లేదు, పని మాత్రమే కనిపిస్తుంది. నా అభ్యంతరం వస్తువు పేరు చెప్పి నోరు మూయించే పద్ధతి మీదే. నోమెక్స్, టైటానియం, నానో అన్న మాటలు ఇప్పుడు మంత్రాల్లా వాడుతున్నారు. ‘నానో’ వచ్చాక మరీ ఘోరం. సూట్ ఎక్కడినుంచైనా పుడుతుంది, ఎంత చిరిగినా అతుక్కుంటుంది. చిరగని బట్టలో ఉన్న మనిషి మీద భయం ఎలా కలుగుతుంది? 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’లో రెండో సూట్ బాగా ఎత్తుకు పోతే మంచు పట్టి ఆగిపోతుంది. ఆ ఒక్క లోపానికి ఉన్న బరువు తర్వాతి సూట్ల హంగులన్నిటికీ లేదు.

మాధవ్_కె

అంటే కారణం వద్దని కాదు, లోపం చూపించే కారణం కావాలంటున్నారు. అది నా మాటకు దగ్గరే.

సూదిదారం

దగ్గరే కానీ ఒకటి కాదు. మీరు ముందే చెప్పాలంటారు. అవసరం పడ్డప్పుడు చూపిస్తే చాలని నేనంటాను.

పద్మజ_టి

దీనికి కళ్ళే సరైన పరీక్ష. తలతొడుగు రంధ్రాలకూ కంటికీ మధ్య చర్మం కనిపిస్తే తొడుగు రబ్బరని తెలిసిపోతుంది. అందుకని నటుడి కళ్ళ చుట్టూ నల్లరంగు పూస్తారు. 1992 ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’లో బ్యాట్‌మన్ తొడుగు చించేసేసరికి ఆ రంగు ఉన్నట్టుండి మాయమవుతుంది. అదేమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. 2016 ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’లో స్పైడర్‌మన్ కళ్ళకు, అన్నీ మరీ ఎక్కువగా వినబడుతున్నాయి, కనబడుతున్నాయి, దృష్టి నిలపడానికి అద్దాలు కావాలని అతనితోనే చెప్పించారు. అది మాధవ్ గారి పద్ధతి, బాగానే కుదిరింది. 2022 ‘ది బ్యాట్‌మన్’లో తొడుగు తీశాక నల్లరంగు చెమటతో కలిసి ముఖం మీదే ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అతనూ తుడుచుకోడు. సూదిదారం గారు అడిగేది ఇదే అనుకుంటాను.