బాకీ ఉన్నవాళ్లని సేవకి చందా అడగొచ్చా?

ప్రశ్న (కిరాణా కొట్టు, మాధవధార, విశాఖపట్నం):

నమస్కారం అండి. మాధవధారలో 19 ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాను. ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లకి మా వీధి తరఫున మజ్జిగ పోస్తాం. 32 కిలోమీటర్ల నడకలో మా దగ్గరికొచ్చేసరికి సగానికి పైగా అయిపోతుంది. చెప్పుల్లేని కాళ్లు బొబ్బలెక్కి, గోడ పట్టుకుని నిలబడతారు. గ్లాసు అందిస్తే తాగేదాకా మాట రాదు. ఆ రాత్రి కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను.

చందాల పుస్తకం, అరువు పుస్తకం రెండూ నా దగ్గరే ఉంటాయి. అదే చిక్కు. పోయిన ఏడాది చందాకి వెళ్తే, నాకు నాలుగు వేల దాకా బాకీ ఉన్న ఒకావిడ 501 తెచ్చి చేతిలో పెట్టారు. నేను బాకీ ఊసే ఎత్తలేదు. మర్నాటి నుంచి కొట్టుకి రావడం మానేశారు. పాల ప్యాకెట్ కూడా పక్క సందులో కొంటున్నారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు లేదు, జనం చేతిలో డబ్బుల్లేవు. కొవ్వొత్తి పెట్టుకుని సరుకు అరువిచ్చాను. ఎవరికి ఏం ఇచ్చానో పక్కన కూర్చుని రాసిపెట్టింది ఆవిడే. అలాంటి మనిషి తల దించుకుని వెళ్తుంటే మనసు బాగోవడం లేదు. ఈ ఏడాది చందా అడగాలా? అడక్కపోతే లేనివాళ్లని వెలివేసినట్టు అవదా?

జవాబు (గాజువాక):

అన్నా, నాదీ కొట్టే. వినాయక చవితి చందాల్లో నేనూ పడ్డాను. మీ చేతిలో ఏ పుస్తకం ఉన్నా వాళ్లకి అరువు పుస్తకమే కనిపిస్తుంది. చందా పని వేరేవాళ్లకి అప్పగించండి.

జవాబు (అక్కయ్యపాలెం):

ఆవిడ బాకీ కొట్టేయండి గురువుగారూ, గొడవ వదిలిపోతుంది.

జవాబు (కంచరపాలెం):

అన్నయ్యగారూ, మాదీ బాకీ పడ్డ ఇల్లే. మా ఆయనకి పని పోయిన నెలల్లో కొట్టాయన చందాకి వస్తే పక్కింట్లో చేబదులు తెచ్చి ఇచ్చాను. లేదని ఆయన ముఖం మీద చెప్పలేకపోయాను. బాకీ కొట్టేస్తే అసలు ఆ వైపు వెళ్లేదాన్ని కాదు. ఆవిడని డబ్బు అడక్కండి, పనికి పిలవండి. రాత్రంతా మజ్జిగ కలపాలంటే అల్లం, పచ్చిమిర్చి దంచే చేతులు కావాలి కదా. వదినగారిని పంపండి, మీరు వెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు:

చెల్లెమ్మా, మీరు చెప్పినట్టే మా ఆవిడని పంపాను. అరగంట కూర్చుని వచ్చింది. దంచడానికి వస్తారట, వాళ్ల రోలు కూడా తెస్తామన్నారట. బాకీ మాట ఆవిడే ఎత్తి, నెలకి 500 చొప్పున తీరుస్తామన్నారు. గాజువాక తమ్ముడు చెప్పినట్టు చందా పుస్తకం వీధి చివర టైలర్ గారికి ఇచ్చేశాను.

ఆవిడ ఇంకా కొట్టుకి రాలేదు. పొద్దున వాళ్ల అబ్బాయి వచ్చి పాల ప్యాకెట్, అగ్గిపెట్టె తీసుకుని డబ్బులిచ్చి వెళ్లాడు.