పాత చర్చి కప్పు మీద సోలార్: అనుమతి, డబ్బు సంగతి చేసినవాళ్లు చెప్పండి

నాటింగ్‌హామ్ ట్రెజరర్:
నమస్తే అండి. ఇంగ్లండ్‌లో మేముండే పల్లెలో చర్చి 13వ శతాబ్దం నాటిది, గ్రేడ్ 1 లిస్టెడ్ (అంటే రక్షిత కట్టడాల జాబితాలో అన్నిటికన్నా పై స్థాయి). పీసీసీలో (చర్చి నడిపే స్థానిక కమిటీ) లెక్కలు చూసే పని నాకు అప్పజెప్పారు. పోయిన చలికాలం బిల్లులు చూశాక నిజంగా టెన్షన్ పట్టుకుంది. దక్షిణం వైపు కప్పు మీద సోలార్ పెడదామని మీటింగులో అంటే, ఒక పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమె పెళ్లి జరిగింది అక్కడే, భర్తను సాగనంపిందీ అక్కడి నుంచే. ఆమె మనసు నొప్పించకుండా ఈ పని చేయాలని ఉంది. ముందు ఎవరిని అడగాలి? డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు?

లీడ్స్ ఇంజనీర్:
మా చర్చికి అనుమతులకే దాదాపు రెండేళ్లు పట్టింది. అందులో సగం మా తప్పే. ముందు కొటేషన్ తెప్పించి, ఆ తర్వాత డయోసిస్‌లోని (బిషప్ గారి పరిధి) సలహా కమిటీ (డీఏసీ) దగ్గరికి వెళ్లాం. తిరగేసి చేయాల్సింది. కాగితం మీద గీత గీయకముందే డీఏసీ వాళ్లను పిలిచి కప్పు చూపించండి.

లిస్టెడ్ అయినా చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చికి కౌన్సిల్ నుంచి లిస్టెడ్ బిల్డింగ్ అనుమతి అక్కర్లేదు. దాని బదులు డయోసిస్ చాన్సలర్, అంటే చర్చి న్యాయమూర్తి, 'ఫ్యాకల్టీ' అనే అనుమతి ఇవ్వాలి. కానీ బయటి రూపం మారుతుంది కాబట్టి కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి విడిగా కావాలి. ఈ రెండూ ఒకటే అనుకుని మేం నెలలు పోగొట్టుకున్నాం.

చాన్సలర్ చూసేది ముఖ్యంగా మూడు. కింద నిలబడితే కనిపిస్తుందా, కప్పుకు హాని ఉందా, రేపు తీసేస్తే పాత రూపం మళ్లీ వస్తుందా. గ్లోస్టర్ కేతీడ్రల్ నేవ్ (జనం కూర్చునే పొడవాటి భాగం) కప్పు మీద 2016లో 150 ప్యానెళ్లు పెట్టారు. పిట్టగోడ అడ్డు ఉండటంతో కింద నుంచి కనబడవు. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ చాపెల్‌కి హిస్టారిక్ ఇంగ్లండ్ (పాత కట్టడాల మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంస్థ) అభ్యంతరం చెప్పినా, 2023లో కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. అక్కడ 438 ప్యానెళ్లు. సీసం రేకు ఎలాగూ మార్చాల్సి రావడంతో అదే పరంజా మీద పని కానిచ్చారు. మీ కప్పుకు మరమ్మతు దగ్గరపడుతుంటే అంతవరకు ఆగండి. పరంజా ఖర్చు రెండుసార్లు పెట్టడం ఏ పల్లె చర్చికీ మోయలేని భారం.

మన అదృష్టం ఏంటంటే, ఈ పాత చర్చీల్లో ఎక్కువవాటిని బలిపీఠం తూర్పున ఉండేలా కట్టారు. అందుకే పొడవాటి కప్పులో ఒక వాలు దక్షిణానికి తిరిగి ఉంటుంది. గంట గోపురం నీడ ఎంతసేపు పడుతుందో మాత్రం చలికాలంలో వెళ్లి చూడండి.

కెంట్ వార్డెన్:
మేం మొదలుపెట్టి ఆపేశాం. ఎందుకో చెబితే మీకు పనికొస్తుంది. మా చర్చి తెరిచేది ఆదివారం, బుధవారం సాయంత్రం. సోలార్ కరెంటు పుట్టేది జూన్ మధ్యాహ్నాలు. మాకు కరెంటు కావాల్సింది జనవరి ఆదివారం పొద్దున. మిగిలినదంతా గ్రిడ్‌కి అమ్మాలి, కొనే ధరలో కొంతే వస్తుంది. సోలార్ కరెంటుకు ఖాయమైన రేటు ఇచ్చే పాత పథకం, ఫీడ్-ఇన్ టారిఫ్‌ను, 2019 మార్చితో కొత్తవాళ్లకు మూసేశారు. 2020 నుంచి ఉన్న స్మార్ట్ ఎక్స్‌పోర్ట్ గ్యారంటీలో రేటు కంపెనీలే నిర్ణయిస్తాయి, పైగా ప్యానెళ్లు ప్రమాణాల ప్రకారం బిగించారని ఎంసీఎస్ లేదా దానికి సమానమైన సర్టిఫికెట్ కావాలి.

దానికి తోడు కప్పు కింద గబ్బిలాలు. ఇక్కడ వాటికి చట్టం రక్షణ ఉంది, సర్వే లేకుండా చెయ్యి పెట్టకూడదు. మీటరు సింగిల్ ఫేజ్. ఒక ఫేజ్‌కి 3.68 కిలోవాట్లు దాటితే నెట్‌వర్క్ కంపెనీ ముందస్తు అనుమతి కావాలి. చివరికి ఎల్ఈడీ దీపాలు, బెంచీల కింద హీటర్లతో సరిపెట్టుకున్నాం. బాధగానే ఉంది.

డెవాన్ సునీతక్క:
కెంట్ అన్న చెప్పింది నిజం. అందుకే మేం ముందు వాడకం పెంచాం. పక్కనున్న హాలులో వారమంతా పిల్లల గ్రూపులు, పెద్దలకు భోజనాలు నడుస్తాయి. చర్చి కప్పు కరెంటు హాలుకు వెళ్లేలా చేశాం. కేబుల్ సమాధుల మధ్య నుంచి పోవాలి కాబట్టి తవ్వుతున్నంతసేపూ పురావస్తు నిపుణుడు నిలబడ్డాడు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

డబ్బు మాత్రం ఊరే ఇచ్చింది. 24 ప్యానెళ్లు, ఒక్కోటి 420 వాట్లు. ఒక్కో ప్యానెల్ ఒక్కో కుటుంబం తీసుకుంది. నేను నాన్నగారి పేరు మీద ఒకటి ఇచ్చాను. భీమవరంలో ఆయన రిక్షా తొక్కి మమ్మల్ని చదివించారు. చర్చికి రాని ఇంగ్లీషు పొరుగువాళ్లు కూడా ముందుకొచ్చారు. పన్ను కట్టేవాళ్ల చేత గిఫ్ట్ ఎయిడ్ కాగితం నింపించండి, వాళ్లిచ్చే ప్రతి పౌండుకు ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు కలుస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి చారిటీ పనికి మాత్రమే వాడే భవనాలకు సోలార్, బ్యాటరీల మీద వ్యాట్ సున్నా. ఇది 2027 మార్చి వరకే. హాలు అద్దెలకు ఎక్కువగా ఇస్తే ఇది వర్తించకపోవచ్చు, మీ అకౌంటెంట్‌ని అడగండి.

డోర్నకల్ నుంచి:
ఇంగ్లండ్ వాళ్ల మాటల్లో నాదీ ఒక ప్రశ్న. మా ఎపిఫనీ కేతీడ్రల్ 1939లో పూర్తయింది, అజరయ్య బిషప్ గారి కాలంలో. దాని మీద పెట్టొచ్చా?

లీడ్స్ ఇంజనీర్:
అన్నా, ఆ గుమ్మటాలను, మినారులను ముట్టుకోకండి, వాటి అందమే వేరు. ఆవరణలో డాబా ఉన్న భవనం ఏదైనా ఉంటే దాని మీద పెట్టండి. మన కేంద్ర ప్రభుత్వం సోలార్‌కు ఇచ్చే పీఎం సూర్య ఘర్ సబ్సిడీ ఇళ్లకు ఉద్దేశించింది, దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

నాటింగ్‌హామ్ ట్రెజరర్:
అందరికీ ధన్యవాదాలు. డీఏసీ వాళ్లు వచ్చే నెల వస్తామన్నారు. ఆ పెద్దావిడను తీసుకుని నిన్న చర్చి చుట్టూ నడిచాను. దక్షిణపు కప్పు పిట్టగోడ వెనక దాగి ఉంది. సమాధుల దగ్గర నాలుగుచోట్ల నిలబెట్టి "కనబడుతోందా అండి?" అని అడిగాను. ఆఖరుకు తన భర్త సమాధి దగ్గర తనే ఆగి, తలెత్తి చూసి, "ఇక్కడి నుంచి కనబడకపోతే నాకు చాలు" అన్నారు. అక్కడి నుంచి ఫోటో తీశాను, దరఖాస్తులో మొదటి పేజీలో పెడతాను. మీటరు సింగిల్ ఫేజే, మరి త్రీ ఫేజ్‌కి మార్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?