సమస్యాపూరణం: "పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె"

నిర్వాహకుడు, సత్యనారాయణపురం, విజయవాడ:

రథసప్తమికి చిక్కుడు ఆకులు, రథం కట్టడానికి నాలుగు కాయలు కావాలని ఇంట్లో అడిగితే నిన్న ఉదయం మేడ మీదికి వెళ్లాను. చలి ఇంకా పూర్తిగా వదలని ఈ రోజుల్లో చిక్కుడుకు కాపు ఎంత ఉంటుందో పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగుల గుంపు) కూడా అంతే ఉంటుంది. లేత చివుళ్లన్నీ నల్లగా జిగురు కారుతున్నాయి. ఆకు వెనక్కి తిప్పి చూసిన మా ఆవిడ విచారించవలసింది పోయి సంతోషంగా నన్ను కేకవేసింది. ఆమె చూపించినదేమిటో ఇప్పుడు చెప్పను. ఈ వారం సమస్య, అంటే మీరు ముందు మూడు పాదాలు కూర్చి పద్యంగా పూరించవలసిన చివరి పాదం మాత్రం అక్కడే పుట్టింది.

పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె

ఇది ఆటవెలది నాలుగో పాదం. సూర్యగణాలు ఐదు, యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరవలసిన మైత్రి) "పు"కూ "పొం"కూ. పురుగు ఏదో, అది చేసిన మేలు ఏమిటో పద్యంలోనే తెలియాలి. సంగతి ఇంటి కూరపాదులను దాటి పోకూడదు. పట్టుపురుగును తెచ్చి పట్టుచీరతో ముగించే దారి అందరికీ తోచేదే గనుక దానిని ఈసారి మూసివేస్తున్నాను.

సభ్యురాలు, పటమట:

చిక్కుడాకు నిండఁ జేరిన బంకను
మెక్కి మొక్కకంత మేలుఁ గూర్చి
యక్షతలను బోలి యందాలు చిందెడు
పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె

మీ ఆవిడగారు చూసినది అక్షింతల పురుగే అయి ఉంటుందని నా ఊహ.

మాస్టారు, తెనాలి:

గణాలూ యతులూ కుదిరాయమ్మా. అక్షింతల పురుగు పేరును విప్పి "అక్షతలను బోలి" అనడం బాగుంది. అయితే "అందాలు చిందెడు" అన్నది మూడో పాదాన్ని నింపడానికి వచ్చిన మాటగా కనబడుతున్నది. బంకను తిన్నదని రెండో పాదంలో చెప్పాక ఇల్లాలి సంతోషానికి కారణం దొరికింది. ఆ తరువాత పురుగు అందం ఎవరికి కావాలి? ఆ చోట పురుగు మరొక పనిని చెప్పి ఉంటే పద్యం బరువెక్కేది.

నిర్వాహకుడు:

ఊహ సరైనదే. మాస్టారి మాటకు నేను ఒకటి చేరుస్తాను. ఈ పురుగు పెద్దదైనప్పుడు గుండ్రంగా, చుక్కలతో ముద్దుగా ఉంటుంది గాని పిల్లదశలో నల్లగా, పొడుగ్గా, ముళ్లు ముళ్లుగా, అక్కడక్కడ నారింజ మచ్చలతో చూడగానే నలిపేయాలనిపించేలా ఉంటుంది. పేనుబంకను ఆబగా తినేది ఆ పిల్లదశలోనే. అది తెలియక నేను రెండు చలికాలాలు వాటిని ఆకుల మీద ఏరి ఏరి చంపాను. బంక ఎందుకు తగ్గడం లేదో అర్థం కాక మళ్లీ సబ్బునీళ్లు కొట్టాను. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే "అందాలు" అన్న మాట నాకూ అడ్డుపడింది: అందం లేని దశలోనే దాని మేలు ఎక్కువ.

విద్యార్థి, గుంటూరు:

అయ్యా, "గాంచి యింతి" అని ఎందుకు? "గాంచింతి" అని సంధి చేయకూడదా?

మాస్టారు, తెనాలి:

కూడదు నాయనా. "కాంచి" క్త్వార్థకం, అంటే "చేసి", "వచ్చి" లాంటి అసమాపక క్రియ. క్త్వార్థమైన ఇకారానికి సంధి లేదు. అందువల్ల నడుమ "య" చేరే యడాగమం వచ్చింది. "పురుగున్" అనే ద్రుతాంతం (నకారంతో ముగిసే పదం) మీద "కాంచి"లోని పరుషమైన "క" సరళమైన "గ"గా మారి "గాంచి" అయింది. పూరణలు రాసేటప్పుడు ఈ రెండింటినీ గుర్తుపెట్టుకుంటే చాలా తప్పులు తప్పుతాయి.

సభ్యుడు, మంగళగిరి:

కుండి మట్టిఁ దీసి కుప్పగాఁ బోయంగ
మెత్తనైన దాని మీద నెర్ర
తిరుగఁ జూచి, నేల తెగ సారమని మెచ్చి
పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె

సభ్యురాలు, పటమట:

వానపాము పురుగు ఎలా అవుతుందండీ? దానికి కాళ్లూ లేవు, రెక్కలూ లేవు.

సభ్యుడు, మంగళగిరి:

మా ఊళ్లలో రాత్రిపూట పాము పేరెత్తడానికి భయపడి "పురుగు ముట్టింది" అంటారు. అంత పెద్ద పాము పురుగు కాగా, ఎర్ర ఎందుకు కాకూడదు?

మాస్టారు, తెనాలి:

వాడుక బలం ఉంది కనుక నేను ఒప్పుకొంటాను. నా అభ్యంతరం వేరు. మూడో పాదంలో "చూచి", నాలుగో పాదంలో "కాంచి" ఒకే ప్రాణిని ఒకే అర్థంలో రెండుసార్లు చూపిస్తున్నాయి. "తిరుగుచుండ, నేల తెగ సారమని మెచ్చి" అంటే గణం చెడదు, పునరుక్తి పోతుంది. రెండోది, "మీద నెర్ర" అన్నప్పుడు "నెర్రె" అని వినబడే ప్రమాదం ఉంది. గుంటూరు నల్లరేగడిని ఎరిగినవారికి ఎండాకాలం నెర్రెలే ముందు తలపుకొస్తాయి.

సభ్యుడు, మంగళగిరి:

సవరణ శిరోధార్యం. ఆ రేగడినే నేను కుండీలలో ఉత్తగా నింపి మొదటి ఏడు నష్టపోయాను. తడిపితే బంకముద్ద, ఎండితే పలకలు; వేరు ఊపిరాడక వంగ నారంతా పోయింది. ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, ఎండుటాకులు పైన కప్పుతూ వచ్చాక రెండో ఏటికి గాని ఎర్రలు కనబడలేదు. మట్టి మార్చేటప్పుడు మొదటిసారి వాటిని చూసిన రోజునే ఈ పద్యంలో చెప్పాను.

సభ్యురాలు, బ్రాడీపేట, గుంటూరు:

నేను కొత్తదానను. తప్పులుంటే మన్నించి చెప్పండి. తేనెటీగ మీద రాశాను. మొదటి పాదం ఇది: "సొర పువ్వులోనఁ జొక్కుచుఁ బుప్పొడి". మిగిలినవి కుదిరాయనే అనుకొంటున్నాను.

మాస్టారు, తెనాలి:

యతి సరిపోయిందమ్మా. గణం దగ్గర చెడింది. "సొరపు" అన్నప్పుడు "వ్వు" ముందున్న "పు" గురువవుతుంది. రెండు లఘువులు, ఒక గురువు కలిసి స గణమైంది. మొదట సూర్యగణమే రావాలి: మూడు లఘువులో, గురులఘువులో.

నిర్వాహకుడు:

గణం చెడిన చోటనే సంగతి కూడా చెడింది. సొరపువ్వు విచ్చేది సాయంకాలం. చీకటిలో తెల్లగా మెరిసే ఆ పువ్వు రాత్రి తిరిగే చిమ్మటలకు ఆహ్వానం. తేనెటీగ అప్పటికి చాలావరకు పట్టు చేరిపోతుంది. మన బీరపువ్వు కూడా అంతే, పొద్దుగుంకే వేళకు విచ్చుతుంది. మీ ఇంట్లో నిజంగా సొరపాదు ఉన్నదా?

సభ్యురాలు, బ్రాడీపేట:

లేదండీ. ఉన్నది గుమ్మడి. యతికి సొర అయితే సులువని అలా రాశాను. మేముండేది నాలుగో అంతస్తు. తీగ గోడంతా పాకింది, పువ్వులు పూస్తున్నాయి, పిందెలు మాత్రం గోలీకాయంత అయ్యేసరికి పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. నీళ్లు తక్కువయ్యాయేమోనని ఒకసారి, ఎరువు ఎక్కువయిందేమోనని ఒకసారి దిగులుపడ్డాను. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుందనీ, మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే ఉంటుందనీ, ఒకదాని పుప్పొడి మరొకదానికి చేరాలనీ మా అత్తగారు చెప్పారు. అప్పటి నుండి తెల్లవారగానే మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యన నేనే అద్దుతూ వచ్చాను. అలా రెండు పిందెలు నిలిచాయి. పోయిన వారం ఒక ఉదయం అద్దడానికి వెళితే పువ్వులో ఒళ్లంతా పసుపు పూసుకున్న తేనెటీగ ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. అంత ఎత్తుకు అది దారి ఎలా కనుక్కుందో!

మాస్టారు, తెనాలి:

అయితే మీ ఇంటి తీగనే రాయండమ్మా. ఛందస్సు దానంతట అదే దారికి వస్తుంది.

సభ్యురాలు, బ్రాడీపేట:

గుమ్మడి పువులందుఁ గూర్మితోఁ బుప్పొడి
నద్ది పిందె నిలుపునట్టి మేటి
తేనెటీఁగ యనెడి తీరైన చిన్నారి
పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె

మాస్టారు, తెనాలి:

"అద్ది" అన్న మాట మీ చేతిలో నుంచి తేనెటీగ చేతికి పోయింది. చాలా బాగుంది. "మేటి", "తీరైన", "చిన్నారి" మూడు విశేషణాలు వరుసగా వచ్చాయి. మొదటి పూరణకే ఇంతకంటే అడగను.

సభ్యుడు, లాం:

వంగ తోటలోన వలపు బుట్టనుఁ బెట్ట
మగువ వాసన యని మత్తుతోడ
వచ్చి చిక్కుకొన్న వంకాయ పుచ్చుల
పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె

నిర్వాహకుడు:

ఆడపురుగు వాసనతో మగపురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టను "వలపు బుట్ట" అనడం ఈ వారానికే మంచి మాట. కాయను తొలిచేది లద్దెపురుగు, బుట్టలో పడేది దాని మగ రెక్కల పురుగు అనే భేదం పద్యంలో మరుగున పడింది. పైగా ఎనిమిది మొక్కల మేడకు బుట్ట ఒక్కటే చాలదు. ఎక్కడో జతకట్టిన ఆడపురుగు ఎగిరి వచ్చి గుడ్లు పెట్టగలదు. వాలిన కొమ్మ చివరలను ఎప్పటికప్పుడు తుంచి, లోపలి పురుగుతో సహా నాశనం చేయడం, లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి వడగట్టిన కషాయం సాయంకాలం చల్లడం నాకు ఎక్కువ మేలు చేశాయి.

సభ్యుడు, గుంటూరు:

గుంటూరువారి గోంగూర లేకుండా కూరపాదుల చర్చ ముగియరాదు. పాదం మొదట్లో పెట్టాలని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. "గోంగూర" త గణం (రెండు గురువులు, ఒక లఘువు), అంటే ఇంద్రగణం కనుక ఆటవెలదిలో బేసి పాదాల చివరి రెండు స్థానాలలోనే ఇమిడింది.

కొమ్మ కొమ్మ నున్న గోంగూర లేఁతాకు
చిల్లు చూచి మందుఁ జల్లలేదు
విషము లేదటంచు విశ్వాసముం గూర్చు
పురుగుఁ గాంచి యింతి పొంగిపోయె

మాస్టారు, తెనాలి:

రెండో పాదంలో "చిల్లు", "జల్ల" ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి) చక్కగా వేశారు. ఊహ అన్నింటిలోకీ లోతైనది.

సభ్యురాలు, పటమట:

ఊహ నాకూ నచ్చింది గాని నమ్మకం కుదరడం లేదు. మందు కొట్టిన ఆకు మీద కూడా పురుగులు బతికి ఉండవచ్చు. పురుగు ఉన్నంత మాత్రాన విషం లేదని చెప్పలేము. మన కుండీలోని ఆకుకు మనమే సాక్షులం. పురుగు సాక్ష్యం అక్కరలేదు.

నిర్వాహకుడు:

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ వారం ఉత్తమ పూరణగా బ్రాడీపేట సభ్యురాలి పద్యాన్ని ఎంచుతున్నాను. లోతులో గోంగూర పద్యం దానిని మించినా, గుమ్మడి పద్యంలోని ఇంతి ఎందుకు పొంగిపోయిందో నాలుగో అంతస్తులో పాదు పెంచినవారెవరూ అడగరు. వచ్చే ఆదివారానికి సమస్య, ఇది కూడా ఆటవెలది నాలుగో పాదమే, ప్రాసయతితో:

ఎండ లేని చోట పండెఁ గూర

పుట్టగొడుగులు ఒకరికే చాలు. ముందుగా రాసినవారికే అవి దక్కుతాయి.